బతికున్న తీర్పుకు ఎర్ర గీత

ఆవిడ డాక్టరు కాదు. చదివింది పదో తరగతి, అదీ లెక్కల పరీక్ష రెండోసారి రాసి గట్టెక్కింది. అయినా ఆ కోర్టు ఆవరణలో అడుగుపెట్టి డాక్టరమ్మ ఎక్కడుంటారని అడిగితే, టీ కొట్టతను దగ్గర్నుంచి టైపు కొట్టేవాళ్ల దాకా అందరూ పాత భవనం మొదటి అంతస్తుకే వేలు చూపిస్తారు. అక్కడ న్యాయవాదుల సంఘం వారి లైబ్రరీ ఉంది. పదకొండు బీరువాలు, రెండు పొడవాటి బల్లలు, తిరిగేటప్పుడు దగ్గే ఫ్యాను ఒకటి. కిటికీ పక్కనున్న చిన్న బల్ల ఆవిడది. ఇరవై ఆరేళ్ల కిందట పుస్తకాల దుమ్ము దులపడానికని చేరిన మనిషి, దులుపుతూ దులుపుతూ లోపలున్నది చదవడం మొదలుపెట్టింది. అదే ఆవిడ చేసిన పొరపాటని వాళ్లాయన అంటాడు, ఎందుకంటే జీతం మాత్రం ఇప్పటికీ దుమ్ము దులిపేవాళ్లదే వస్తోంది.

ఆ పేరెందుకొచ్చిందో చెప్పాలంటే కోర్టు సంగతి కాస్త చెప్పాలి. న్యాయవాది నోటికి ఎంత పదునున్నా అక్కడ సొంత మాట చెల్లదు. నలభై ఏళ్ల కిందట సుప్రీంకోర్టు ఇలా అంది అని పుస్తకం తెరిచి చూపిస్తేనే జడ్జిగారు కళ్లజోడు సర్దుకుంటారు. ఇక్కడే ఒక చిక్కుంది. సుప్రీంకోర్టులో కూర్చునేదీ మనుషులే కదా, ఒకప్పుడు ఔనన్నదాన్ని ఇంకొకప్పుడు కాదంటారు. అలా కాదనేసిన తీర్పుని తెలియక పట్టుకెళ్లి చదివితే అవతలి న్యాయవాది నవ్వుతూ లేస్తాడు, ఇవతలి కక్షిదారు కొంప మునుగుతుంది. అందుకని ప్రతి వారం కొత్త తీర్పులు రాగానే అవి ఏ పాత తీర్పుని నిలబెట్టాయో, దేన్ని పడగొట్టాయో చూసి, బీరువాలోంచి ఆ పాత పుస్తకం తీసి, పేజీ అంచున గుర్తు పెట్టాలి. ఆ పని ఆవిడది. ఆకుపచ్చ పెన్సిలుతో టిక్కు పెడితే తీర్పు నిక్షేపంగా ఉన్నట్టు. నీలం గీత గీస్తే కొంత పోయి కొంత మిగిలినట్టు. పేజీకి అడ్డంగా ఎర్ర గీత పడిందంటే దాని పని అయిపోయినట్టే.

కోర్టు హాలుకి పరుగెత్తేముందు న్యాయవాదులు లైబ్రరీ గుమ్మంలోనే నిలబడి అడుగుతారు.

"డాక్టరమ్మా, ఆ అద్దె తీర్పు బతికే ఉందా?"

"ఉంది. పోయినేడు ఒక కాలు పడిపోయింది. షాపులకైతే నడుస్తుంది, ఇళ్లకి నడవదు."

"మరి ఆ విడాకులది?"

"పోయి మూడు నెలలైంది నాయనా. అప్పుడు మీరు ఊళ్లో లేరనుకుంటా."

ఈ విద్య ఆవిడకి నేర్పింది పెద్దాయన. ఆయన అప్పట్లో లైబ్రరీ కార్యదర్శి, చండశాసనుడు, ఆయన దగ్గితే జూనియర్లు లేచి నిలబడేవారు. దులిపే గుడ్డ భుజాన వేసుకుని బీరువా పక్కన నిలబడి చదువుతున్న ఆవిడని ఒకనాడు చూశాడు. తిడతాడనుకుంటే కుర్చీ చూపించాడు. ఆరేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా నేర్పాడు. ఆయన చెప్పిన సూత్రాల్లో ఒకటి మాత్రం మరీ మొరటుది. "శవాన్ని చూడందే చావు రాయకు" అనేవాడు. తీర్పు ఆఖరి పేజీ ఆఖరి వాక్యం దాకా చదవందే ఎర్ర పెన్సిలు ముట్టుకోవద్దని దానర్థం. ఆయన పోయి పదేళ్లయింది.

గుర్తులు పెట్టి ఊరుకునే మనిషి కాదు ఆవిడ. గుమ్మం పక్కనున్న నల్లబల్ల మీద ప్రతి సోమవారం "ఈ వారం సుప్రీంకోర్టు ఏమంది" అని పైన రాసి, కింద తీర్పుల సారం నాలుగు ముక్కల్లో రాస్తుంది. అదీ న్యాయవాదుల భాషలో కాదు. మొన్న వేసవిలో ఒక వారం బల్ల మీద ఇలా ఉంది:

కడదాకా చూసుకుంటానని ఇల్లు రాయించుకున్న అల్లుడు చూసుకోకపోతే ఇల్లు వెనక్కివ్వాలి. కాగితంలో ఆ షరతు రాయలేదుగా అంటే కుదరదు.

మనిషిని పట్టుకెళ్లేటప్పుడు ఎందుకు పట్టుకెళ్తున్నారో అతనికొచ్చిన భాషలో రాసివ్వాలి. చెవిలో చెప్పాం అంటే చాలదు.

చక్రాలు ఊడదీసినా బండి బండే. ఇనప సామాను కింద పన్ను కడతానంటే ఒప్పుకోరు.

చెట్లు కొట్టేసి మొక్కలు నాటాం, చెల్లుకు చెల్లు అనడానికి లేదు. మొక్కలు బతికాయో లేదో ఐదేళ్లు చూపించాలి.

వాయిదాలకొచ్చిన జనం మెట్లెక్కి మరీ ఆ బల్ల చదివిపోతారు. ఇప్పటి కార్యదర్శికి మాత్రం అది గిట్టదు. ఇవి తీర్పులా పక్కింటి కబుర్లా అని గొణుగుతాడు. ఆయనకి కంప్యూటర్ల మీద నమ్మకం. చందా కట్టి నాలుగు పెట్టిస్తే ఈ బీరువాలూ పెన్సిళ్లూ ఎవరికి కావాలి అని ప్రతి మీటింగులోనూ అంటాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే చందా ఖరీదు వినగానే మీటింగు ఎప్పుడూ టీతో ముగుస్తుంది.

డాక్టరమ్మకి మాత్రం ఆ సోమవారాలంటే ప్రాణం. దేశంలో ఎవరెవరికో ఎక్కడెక్కడో తెగని తగువులన్నీ వారానికోసారి కట్టగట్టుకుని తన బల్ల మీదికి వస్తాయి. మామా అల్లుళ్లది, బండి యజమానిది, చెట్లు పోయిన వీధివాళ్లది. ఎవరి మొహమూ తెలియకపోయినా వాళ్లందరి ఇళ్లలోకి ఓసారి వెళ్లొచ్చినట్టుంటుంది. అంత పెద్దవాళ్లు అంత పైన కూర్చుని ఇంత చిన్న మనుషుల గురించి ఇన్ని పేజీలు ఆలోచించారే అని ఆవిడకి ఇన్నేళ్ల తరవాత కూడా ఆశ్చర్యమే.

నెల కిందట వచ్చిన తీర్పు కూడా అలాంటిదే. ఐదుగురు జడ్జీలు కూర్చుని చెప్పిన పెద్ద తీర్పు. వాళ్లు తేల్చాల్సింది లైబ్రరీలో అందరూ వాచ్‌మన్ కేసు అని పిలిచే పాత తీర్పు సంగతి. ఎప్పుడో ఒక మిల్లులో పదిహేనేళ్లు కాపలా కాసిన మనిషిని, నువ్వు తాత్కాలికం కదా అని ఒక్క ముక్క చెప్పకుండా తీసేశారు. తాత్కాలికమైనా సరే, ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని పంపించేముందు కారణం చెప్పాలి, అతనేమంటాడో వినాలి అని సుప్రీంకోర్టు అప్పుడంది. ఆ ఒక్క మాట పట్టుకుని నలభై ఏళ్లుగా ఎందరో ఆయాలు, డ్రైవర్లు, గుమాస్తాలు ఒడ్డున పడ్డారు. ఇప్పుడా మాట ఉంటుందా ఊడుతుందా అన్నది ప్రశ్న.

తీర్పు బారెడుందని, తీర్పులు అచ్చేసే వారపత్రికవాళ్లు రెండు సంచికల్లో వేశారు. మొదటి సంచికలో పెద్ద జడ్జిగారు రాసిందంతా వచ్చింది. వాచ్‌మన్ కేసు హద్దు మీరిందనీ దాన్ని ఇంతటితో పక్కన పెట్టాలనీ ఆయన అరవై పేజీలు ఘాటుగా రాశారు. అడుగున చిన్న అక్షరాల్లో, మిగిలిన జడ్జీల అభిప్రాయాలూ సారాంశమూ వచ్చే సంచికలో అని ఉంది. డాక్టరమ్మ ఆ చిన్న అక్షరాలు చూసింది. పెద్ద జడ్జి ఒక దారిన పోతే మిగతావాళ్లు ఇంకో దారి పట్టడం ఇన్నేళ్లలో తనెన్నడు చూసింది గనక. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలియదా. పాత పుస్తకం తీసి, మనసు చివుక్కుమంటున్నా, వాచ్‌మన్ కేసు పేజీకి అడ్డంగా ఎర్ర గీత గీసేసింది. నల్లబల్ల మీద రాసింది కూడా.

రెండో సంచిక వచ్చిన వారం లైబ్రరీ పైకప్పు కారింది. మూడు బీరువాల పుస్తకాలు మోసి ఇవతల పెట్టి, తడిసినవాటిని ఫ్యాను కింద ఆరబెట్టే హడావిడిలో ఆ సంచిక చదవకుండానే దొంతరలో చేరిపోయింది. దినపత్రికల్లోనైనా ఎవరో చూసి చెప్పేవారేమో గానీ, తీర్పొచ్చిన రోజే ఎన్నికల కేసు తీర్పూ వచ్చింది, పేపర్లన్నీ దానికే పోయాయి. అయినా వానమీద తోసేయడం ఎందుకు. కప్పు కారకపోయినా ఆవిడ చదివేది కాదు. చివర ఏముందో తనకి తెలుసనుకుంది. పాతికేళ్ల అనుభవం మనిషికి చేసే మేలు ఎంతో, కీడూ అంతే.

మళ్లీ ఒక సోమవారం. ఆ వారం సంచికలో ఒక బడి బస్సు డ్రైవరు కేసు వచ్చింది. చదువుతూ ఒక వాక్యం దగ్గర డాక్టరమ్మ ఆగిపోయింది. "ఇటీవలే ఈ కోర్టు మెజారిటీతో ఖాయపరిచినట్టు, వాచ్‌మన్ కేసులో చెప్పిన సూత్రం నేటికీ వర్తిస్తుంది" అని ఉంది. చచ్చినవాడొచ్చి సాక్ష్యం చెప్తున్నాడేంటి అని ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. లేచి వెళ్లి దొంతర వెదికి రెండో సంచిక లాగింది. మొదటి పేజీలోనే ఉంది: మిగిలిన నలుగురిలో ఒకరు పెద్ద జడ్జితో కలిశారు, ముగ్గురు కలవలేదు. మా సోదర న్యాయమూర్తి మాటతో ఏకీభవించలేకపోతున్నాం అంటూ ఆ ముగ్గురూ తొంభై పేజీలు రాశారు. ఆఖరి పేజీ ఆఖరి వాక్యం, వాచ్‌మన్ కేసు చెక్కుచెదరలేదని.

బతికున్నదానికి చావు రాసింది తను.

వెంటనే, పుస్తకాలు తీసుకున్నవాళ్ల రిజిస్టరు తెరిచింది. ఎర్ర గీత గీసిన రోజు నుంచి ఆ పుస్తకం ముగ్గురు తీశారు. ఇద్దరు భూమి కేసుల కోసం తీశారు, వాళ్లకి ఈ పేజీతో పనిలేదు. మూడో సంతకం చిన్న లాయరమ్మది. నల్లకోటు వేసుకుని మూడేళ్లు కూడా కాని పిల్ల. ఎందుకు అన్న గడిలో "లిఫ్ట్ ఆపరేటర్ తొలగింపు" అని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. తీసిన రోజే తిరిగిచ్చేసింది.

ఆ లిఫ్టాయన డాక్టరమ్మకి కళ్లముందు మెదిలాడు. పెద్దాసుపత్రిలో పంతొమ్మిదేళ్లు లిఫ్టు నడిపాడట. రేపట్నుంచి రానక్కర్లేదని ఒక్క వాక్యం కాగితం చేతిలో పెట్టారట. లేబర్ కోర్టు బయట బెంచీ మీద, ఇంకా యూనిఫాం చొక్కాలోనే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. అచ్చంగా వాచ్‌మన్ కేసే అతనిది. ఆ ఒక్క తీర్పు చూపిస్తే చాలు. డాక్టరమ్మ మెట్లు దిగి లేబర్ కోర్టు గుమాస్తాని అడిగింది. వాదనలైపోయాయి, శుక్రవారం ఉత్తర్వు చెప్తారు అన్నాడు గుమాస్తా.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కంచం ముందు కూర్చుని కెలుకుతుంటే వాళ్లాయన చూశాడు. ఆయనది గడియారాలు బాగుచేసే కొట్టు. కంటికి అద్దం పెట్టుకుని రోజంతా చిన్న చిన్న చక్రాలు చూసేవాడు కాబట్టి, పెద్ద విషయాలు ఆయనకి ఇంకా బాగా కనిపిస్తాయి.

"ఏమైందోయ్, సుప్రీంకోర్టుకేమైనా జ్వరమా?" అన్నాడు.

ఆవిడ అంతా చెప్పింది. ఆయన నవ్వడం మానేశాడు.

"గీసింది పెన్సిలుతోనే కదా. రబ్బరు పెట్టి చెరిపేయ్. ఆకుపచ్చ టిక్కు పెట్టు. ఎవరికి తెలుస్తుంది?"

"చెరిపాను. సాయంత్రం వచ్చేముందు చెరిపి చూశాను. గీత పోయింది గానీ గాడి పోలేదు."

"గాడిని ఎవరు చూస్తారే. ఆ కార్యదర్శి ఎప్పుడు దొరుకుతావా అని కాచుక్కూర్చున్నాడు. నీ అంతట నువ్వెళ్లి పీక అందిస్తావా?"

"లిఫ్టాయన సంగతేంటండీ మరి?"

ఆయన మంచినీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. మెల్లగా అన్నాడు. "నా దగ్గర గడియారం తప్పు నడిస్తే మనిషి బస్సు తప్పిపోతాడు. ఇంకో బస్సొస్తుంది. నీ పని అలాంటిది కాదులే. వెళ్లి చెప్పిరా."

మర్నాడు పొద్దున్నే చిన్న లాయరమ్మ గదికి వెళ్లింది. జిరాక్సు కొట్టు పైన చిన్న గది, కింద మిషను తిరిగినప్పుడల్లా నేల సన్నగా వణుకుతుంది. లాయరమ్మ టిఫిను డబ్బా మూత తీస్తూ, "రండి పిన్నిగారూ, మీరే వచ్చారేంటి, కబురు పంపితే నేనొచ్చేదాన్నిగా" అంది.

డాక్టరమ్మ కూర్చోలేదు. రెండో సంచిక ఆఖరి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టింది. "అమ్మాయ్, వాచ్‌మన్ కేసు బతికే ఉంది. నేను తప్పు గీశాను."

లాయరమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది. మొహం ముందు పాలిపోయింది, తరవాత ఎర్రబడింది.

"నేను దాన్ని ఎత్తనే ఎత్తలేదు పిన్నిగారూ. పంతొమ్మిదేళ్లు సర్వీసు, పాపం పెద్ద కుటుంబం అని జాలి మాటలు చెప్పి కూర్చున్నాను. జడ్జిగారు అడిగారు కూడా, మీ దగ్గర తీర్పేమీ లేదా అని. లేదండి అన్నాను. మీ గీత చూసి లేదన్నాను."

"తెలుసు తల్లీ. అందుకే వచ్చాను."

లాయరమ్మ లేచి కిటికీ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. కోపం దిగడానికి అంత నడక చాలినట్టుంది. "నాదీ తప్పుందిలెండి. గీత చూసి పుస్తకం మూసేశాను. కొత్త తీర్పు తెప్పించుకుని చదవాల్సింది. మీరు గీశాక ఇంక చదవడం ఎందుకనుకున్నాను." కుర్చీలో కూలబడింది. "ఈ తీర్పు జతచేసి ఇవాళే జడ్జిగారికి మెమో వేస్తాను. ఉత్తర్వు ఇంకా చెప్పలేదు కాబట్టి జడ్జిగారు చూడొచ్చు. కానీ ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదని అడుగుతారు. నా కంట ఆలస్యంగా పడింది అని రాసేస్తాను. మీ పేరు రానక్కర్లేదు."

డాక్టరమ్మకి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చిన మాట నిజం. ఔనందామని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూసింది. మూడేళ్లు నిండని ప్రాక్టీసు. అజాగ్రత్త మనిషని జడ్జి మనసులో ఒకసారి పడితే ఆ పేరు పోవడానికి పదేళ్లు పడుతుంది.

"జరిగింది జరిగినట్టు రాయి. లైబ్రరీ గుర్తు తప్పు అని రాయి" అంది.

"పిన్నిగారూ, కార్యదర్శిగారు ఊరుకోరు."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. నువ్వు డబ్బా మూతపెట్టి ముందు మెమో కొట్టు."

అక్కణ్నుంచి లైబ్రరీకి వచ్చి నల్లబల్ల మొత్తం తుడిచేసింది. ఆ వారం అల్లుళ్లకీ బండ్లకీ చోటు లేదు. పెద్ద అక్షరాలతో రాసింది: "వాచ్‌మన్ కేసు బతికే ఉంది. నెల కిందట దానికి ఎర్ర గీత గీసింది నేను, తీర్పు సగమే చదివి గీశాను. దాన్ని నమ్మి ఎవరైనా కేసు వాదించి ఉంటే వెంటనే నాకు చెప్పండి."

మధ్యాహ్నానికి కోర్టంతా తెలిసిపోయింది. కొందరు చదివి తలూపి వెళ్లిపోయారు. ఒక ముసలి న్యాయవాది, "నేనైతే ఈ బల్ల దాకా వచ్చేవాణ్ని కాదమ్మా, రబ్బరుతో సరిపెట్టేవాణ్ని" అని నిజాయితీగా చెప్పి మరీ వెళ్లాడు. కార్యదర్శి సాయంత్రం వచ్చాడు. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. కిటికీ పక్క ఆవిడ బల్ల మీదున్న మూడు పెన్సిళ్లూ ఏరి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే నెల కమిటీలో మాట్లాడదాం. అప్పటిదాకా గుర్తులేమీ పెట్టకండి" అన్నాడు.

బుధ, గురువారాలు గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. బతికే ఉందా అని ఒక్కరూ అడగలేదు. జూనియర్లు ఆవిడ ముందునుంచే ఫోన్లలో వెదుక్కుంటూ పోయారు. ఒకడు ఆవిడతో కళ్లు కలిసి, పాపం సిగ్గుపడి, ఫోను వెనక్కి దాచుకున్నాడు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆవిడకి పెద్దగా లేదు. ఇరవై ఆరేళ్లలో తాను పెట్టిన గుర్తులు ఎన్ని వేలుంటాయి, ఇప్పుడు వాటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు అనుమానంగా చూస్తారు కదా అన్నదే మింగుడుపడలేదు. చూడాలి కూడా. చూడకపోతేనే తప్పు.

శుక్రవారం ఉత్తర్వు చెప్పారు. మెమో చూసి జడ్జిగారు ఆసుపత్రి తరఫు న్యాయవాదిని పావుగంట మళ్లీ విన్నారట. వాచ్‌మన్ కేసు ఉండగా ఈ తొలగింపు నిలవదన్నారు. అయితే ఉద్యోగంలోకి తీసుకోండని కూడా అనలేదు. కారణం కాగితం మీద రాసి అతనికివ్వండి, అతనేం చెప్పుకుంటాడో వినండి, విని అప్పుడు తేల్చండి అన్నారు. వచ్చే బుధవారం పదకొండింటికి ఆసుపత్రి అధికారుల ముందుకి అతను రావాలి.

నాలుగు దాటాక లిఫ్టాయన లైబ్రరీ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో పళ్ల సంచి. బల్ల ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"లాయరమ్మగారు చెప్పారక్కా. ఆ తీర్పు మీరే వెదికి తెచ్చారట. మీరు లేకపోతే నా పని అయిపోయేదన్నారు."

లాయరమ్మ ఎంత మంచిదంటే అబద్ధం చెప్పకుండానే నిజం దాచింది. డాక్టరమ్మ సంచి వైపు చూసింది. తలూపి సంచి అందుకుంటే చాలు, అతను సంతోషంగా వెళ్లిపోతాడు, రెండ్రోజులుగా ఎవరూ చూడని ఆ నమ్మకం చూపు ఒకటి ఆవిడకీ మిగులుతుంది.

"కూర్చో తమ్ముడూ" అంది. "ముందు నేను చెప్పేది విను. ఆ తీర్పు ఎప్పుడూ ఇక్కడే ఉంది. అది చెల్లదని తప్పు గుర్తు పెట్టింది నేను. ఆ గుర్తు చూసే లాయరమ్మ నీ కేసులో దాన్ని వాడలేదు. తీర్పు మొత్తం చదవకుండా గీశాను. అదృష్టం బాగుండి సోమవారం నా కంటపడింది."

అతను సంచి నేలమీద పెట్టాడు.

"కంటపడకపోతే?"

"ఇవాళ కేసు కొట్టేసేవారు."

"అంతేనా? ఒక గీతకా?"

"ఒక గీతకే."

ఆవిడ తిట్లకి సిద్ధంగా కూర్చుంది. అతను తన చేతులు చూసుకుంటూ మాట్లాడాడు.

"నన్ను తీసేసిన కాగితం మీద సంతకం ఎవరిదో నాకిప్పటికీ తెలీదక్కా. పిచ్చిగీతలా ఉంది. ఆఫీసులో అడిగితే పైనుంచొచ్చింది అన్నారు. ఆ పైన ఎన్ని అంతస్తులున్నాయో నాకు తెలీదా, అందర్నీ ఎక్కించింది నేనే కదా. ప్రతి అంతస్తుకీ వెళ్లి అడిగాను. మేం కాదు పైవాళ్లు అన్నారు. ఆఖరి అంతస్తులో కింది ఆఫీసు అన్నారు. నేను చేశాను అని ఒక్కడూ అనలేదు." తలెత్తాడు. "కోపం రాలేదని చెప్పనక్కా. వచ్చింది. ఇంటికెళ్లాక ఇంకా వస్తుందేమో."

"రానీ. వచ్చినా తప్పులేదు."

అతను లేచి వెళ్తాడనుకుంది. లేవలేదు. సంచి చెవులు మెలిపెడుతూ కూర్చున్నాడు. కాసేపటికి, అసలు అందుకే వచ్చినట్టు, గొంతు తగ్గించి అడిగాడు.

"బుధవారం నన్ను వింటారట. ఏం చెప్పాలక్కా? పంతొమ్మిదేళ్లు నేను మనుషుల్ని అడిగింది ఒక్కటే మాట, ఏ అంతస్తు అని. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ నలుగురు పెద్దవాళ్లు కూర్చుని చెప్పవయ్యా అంటే నాకు నోరు పెగలదు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీదు."

డాక్టరమ్మ ముందు తెరిచున్న పత్రిక మూసి పక్కన పెట్టింది. కుర్చీ అతనివైపు జరుపుకుంది.

"నాకు చెప్పు. ఎక్కణ్నుంచైనా సరే."

అతను తడుముకున్నాడు. చేరిన ఏడాది తప్పు చెప్పి దిద్దుకున్నాడు. పాత లిఫ్టు తలుపు ఎలా ఇరుక్కునేదో, దాన్ని ఏ పక్క తంతే తెరుచుకునేదో చెప్పాడు. కరెంటు పోయి నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన రోజున లోపల నొప్పులు పడుతున్న ఒక అమ్మాయి ఉందనీ, నలభై నిమిషాలు ఆమెతో తన చిన్నప్పటి సంగతులన్నీ చెప్తూనే ఉన్నాననీ చెప్పాడు. పై అంతస్తు నుంచి ఒంటరిగా కిందికి దిగేవాళ్లని చూస్తే ఎవరు పోయారో తెలిసిపోయేదట, అప్పుడు మధ్యలో ఎక్కడా ఆపకుండా నేరుగా కిందికి తీసుకెళ్లేవాడట. అది రూల్సులో లేదు, అది తప్పంటారేమోనక్కా అన్నాడు. ఆవిడ తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు, అతను మళ్లీ అందుకునేదాకా ఆగింది.

ఐదున్నరకి అటెండరు తాళాలగుత్తి ఊపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మూసేద్దామా డాక్టరమ్మా?"

"కాసేపాగు నాయనా" అంది ఆవిడ, లిఫ్టాయన మీంచి చూపు తిప్పకుండా. "ఈయన చెప్పడం ఇంకా పూర్తవలేదు."